విమానంలో మొహమాటపడకండి

ఆమధ్య ఒక సోమవారం, ఓపీలో జనం పలచబడ్డాక, ఒక పెద్దావిడ మెల్లగా వచ్చి నా ఎదుట కూర్చున్నారు. అరవై రెండేళ్ళుంటాయి. పామర్రు దగ్గరి ఊరు.

"పెద్దగా ఏం లేదండీ డాక్టరుగారూ. ఎడమ కాలు కాస్త బరువెక్కింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ప్రయాణం బడలిక. బలానికి ఏదైనా టానిక్కు రాసివ్వండి, చాలు" అన్నారు.

కాలు చూశాను. టేపు పెట్టి కొలిస్తే కుడి పిక్క కన్నా ఎడమ పిక్క 4 సెంటీమీటర్లు ఎక్కువ ఉంది. ముట్టుకుంటే వేడి, నొక్కితే గుంట. నాడి నిమిషానికి 110.

"ఎక్కడికి వెళ్ళొచ్చారమ్మా?"

"డల్లాసండీ. అబ్బాయి ఇల్లు కొనుక్కున్నాడు, గృహప్రవేశానికి వెళ్ళాం. వచ్చి మూడు రోజులైంది."

టానిక్కు రాయలేదు. ఆ పూటే కాలికి డాప్లర్ స్కాను, ఛాతీకి సీటీ స్కాను తీయించాం. పిక్కలో మొదలై మోకాలి పైదాకా సిరలో నెత్తురు గడ్డకట్టి ఉంది. దాని తునకలు కొన్ని అప్పటికే ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి కూర్చున్నాయి. ఇంకాస్త పెద్ద తునక వెళ్ళి ఉంటే ఆవిడ నా బల్ల దాకా వచ్చేవారు కాదు.

వార్డులో ఉన్న రోజుల్లో ఆవిడ తన ప్రయాణం కథంతా విడతలు విడతలుగా చెప్పారు. "నా పేరు రాయకుండా రాయండి, నలుగురికీ పనికొస్తుంది" అన్నారు. అందుకని ఈ వారం ఆ దారినే మిమ్మల్ని తీసుకువెడతాను.

2024 మే నెల. బయలుదేరింది ఎనిమిదిమంది. ఈవిడా భర్తా, వియ్యంకుడూ వియ్యపురాలూ, ఊళ్ళో వరసకు అన్నదమ్ముల్లాంటి స్నేహితులు ఇద్దరూ, వాళ్ళ భార్యలూ. అందరూ యాభై అయిదు దాటినవాళ్ళే. మన కృష్ణా డెల్టాలో ఇదేమీ వింత కాదు. ఉయ్యూరు, గుడివాడ, చల్లపల్లి - ఏ ఊరికి వెళ్ళినా అమెరికాలో పిల్లలున్న ఇళ్ళు కనిపిస్తాయి. వేసవి వచ్చిందంటే పచ్చళ్ళ డబ్బాలకు సీళ్ళు వేయించడం, పెట్టెలు తూకం వేసుకోవడం మామూలే.

ప్రయాణం విమానం ఎక్కినప్పుడు మొదలవుతుందని మనం అనుకుంటాం. కాళ్ళకు మాత్రం ఇంటి గుమ్మం దగ్గరే మొదలవుతుంది. వాళ్ళు మధ్యాహ్నం మూడింటికి వ్యాను ఎక్కారు. బందరు కాలవ పక్కగా ఉయ్యూరు, కంకిపాడు మీదుగా బెజవాడ. బెంజి సర్కిల్ దగ్గర అరగంట ఆగిపోయారు. అక్కణ్ణుంచి నందిగామ, కోదాడ, సూర్యాపేట. విజయవాడ నుంచి హైదరాబాదే సుమారు 270 కిలోమీటర్లు. ఊరు దాటి శంషాబాదు చేరేసరికి రాత్రి పదకొండు. మధ్యలో సూర్యాపేటలో భోజనానికి ఒక్కసారి దిగారు. విమానాశ్రయంలో అయిదు గంటలు కుర్చీల్లో. దుబాయికి నాలుగు గంటలు. అక్కడ మూడు గంటలు మళ్ళీ కుర్చీల్లోనే. ఆ తరవాత దుబాయి నుంచి డల్లాసుకు దాదాపు 13 వేల కిలోమీటర్లు, 16 గంటలు, ఒక్కబిగిని.

మొత్తం 36 గంటలు. నడుం వాల్చింది ఒక్క నిమిషం లేదు.

మా తాతగారి తరం వాళ్ళు బందరు కాలవ మీద పడవలో బెజవాడ వచ్చేవారట. రాత్రంతా పడవలో పడుకునేవారు, కాళ్ళు పట్టేస్తే దిగి గట్టు వెంట కాసేపు నడిచేవారు. కాశీకి రైల్లో వెళ్ళినా పడుకోవడానికి బెర్తు ఉంది, స్టేషను రాగానే దిగి కాఫీ తాగే వీలుంది. కాళ్ళు కిందికి వేలాడేసి, మోకాళ్ళు మడిచి, 16 గంటలు ఒకేచోట కూర్చోవడం మనిషి ఒంటికి కొత్త.

అలా కూర్చుంటే ఏమవుతుందో వైద్యులకు విమానాల వల్ల తెలియలేదు, యుద్ధం వల్ల తెలిసింది. 1940లో లండను మీద బాంబులు పడుతున్నప్పుడు జనం రాత్రంతా నేలమాళిగల్లో మడత కుర్చీల్లో కూర్చునేవారు. బాంబు దెబ్బ ఏమీ లేకుండానే కొందరు తెల్లవారి లేచి నాలుగడుగులు వేసి కూలిపోయారు. ఊపిరితిత్తుల్లో నెత్తురు గడ్డలు. కీత్ సింప్సన్ అనే వైద్యుడు దీన్ని గమనించి రాశాడు. కుర్చీ అంచు తొడ కింద ఒత్తుకుని సిరల్లో నెత్తురు నిలిచిపోతోందని, పడుకోవడానికి బల్లలు వెయ్యాలని చెప్పాడు. 1954లో బోస్టన్ సర్జను జాన్ హోమన్స్ అయిదుగురి కేసులు రాశాడు. అందులో ఒకరు 14 గంటలు విమానంలో కూర్చున్న డాక్టరే! కారులో కూర్చున్నవాళ్ళూ, నాటకం చూస్తూ కూర్చున్నవాళ్ళూ కూడా ఆ జాబితాలో ఉన్నారు. అంచేత పాపం విమానానిది కాదు, కూర్చోవడానిది.

రైతులకైతే నేను ఇలా చెబుతాను. కాలవ పల్లంలో ఉంది, చేను మెరకన ఉంది. నీరు పైకి రావాలంటే ఇంజను ఆడాలి, ఫుట్‌వాల్వు నీటిని వెనక్కి పోకుండా పట్టాలి. పాదాల నుంచి గుండెకు నెత్తురు ఎక్కడానికి పిక్క కండరమే ఇంజను. సిరల్లో వాల్వులు దేవుడే బిగించాడు. నడిచినప్పుడల్లా ఇంజను ఆడుతుంది. కూర్చుంటే ఆగుతుంది. నిలిచిన కాలవలో నాచు పట్టినట్టు నిలిచిన నెత్తురు గడ్డకడుతుంది.

అలాగని హడలిపోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించి 2007లో వెలువరించిన పరిశీలనలో, నాలుగు గంటలకు మించిన ప్రయాణం వల్ల ఈ ప్రమాదం రెట్టింపు అవుతుందని తేలింది. కానీ ఆరోగ్యవంతుల్లో అది దాదాపు 6,000 మందిలో ఒకరికే. ఎవరికి ఎక్కువ అన్నది తెలుసుకోవాలి. లావుగా ఉన్నవాళ్ళకు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళకు, కేన్సరు ఉన్నవాళ్ళకు, ఈమధ్యే ఆపరేషను అయినవాళ్ళకు, ఇదివరకు గడ్డకట్టినవాళ్ళకు ఎక్కువ. ఇంకొకటి చాలామందికి తెలియదు. మరీ పొడుగువాళ్ళతో పాటు 5 అడుగుల 3 అంగుళాల కన్నా పొట్టివాళ్ళకీ ఎక్కువే. పాదాలు నేలకానక సీటు అంచు మోకాలి వెనక ఒత్తుతుంది. మన ఆడవాళ్ళలో ఎంతమంది అంతకన్నా పొడుగున్నారు చెప్పండి! ఈవిడ ఎత్తు అయిదడుగులు. కాళ్ళ కింద ఒక సంచీ పెట్టుకుని ఉంటే సరిపోయేది.

ఇక అసలు సంగతికి వస్తాను.

అబ్బాయి ప్రేమకొద్దీ అమ్మకు కిటికీ పక్క సీటు తీశాడు, మబ్బులు చూస్తుందని. మధ్యలో వియ్యపురాలు, దారి పక్కన వియ్యంకుడు. భర్త రెండు వరసల వెనక స్నేహితుల మధ్య.

"పదహారు గంటల్లో ఎన్నిసార్లు లేచారమ్మా?" అని అడిగాను.

"ఒక్కసారండీ."

"అదేం?"

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత తలవంచుకుని అన్నారు. "అన్నయ్యగారు మంచి నిద్రలో ఉన్నారు. ఆయన్ని లేపి, ఎందుకంటే బాత్రూముకి అని చెప్పాలా? ఆడపిల్లనిచ్చినవారు. ఏమనుకుంటారు? అందుకని నీళ్ళు తాగడం మానేశాను. నోరు మాత్రం తడుపుకున్నాను."

ఇది విన్నాక నాకు రోగం అర్థమైంది. దాన్ని వైద్య గ్రంథాల్లో వెతికితే దొరకదు. మొహమాటం. పక్కన ముక్కూ మొహం తెలియని పరాయి మనిషి ఉంటే, "కాస్త జరగండి" అని ఆవిడ ఎప్పుడో లేచేవారే. అయినవాళ్ళతో కలిసి వెడితే ధైర్యమని మనం అనుకుంటాం. నిజమే, కానీ అయినవాళ్ళ దగ్గరే మొహమాటం ఎక్కువ. వియ్యంకుడి ముందు లేవకూడదు, తోటికోడలి ముందు ఆయాసం చూపించకూడదు, స్నేహితుల ముందు షుగరు మాత్ర వేసుకోకూడదు! ఒంటరిగా వెళ్ళే మనిషి తన ఒంటిని తాను చూసుకుంటాడు. గుంపులో ఉన్న మనిషి గుంపును చూసి నడుస్తాడు.

ఈవిడ మరో పని కూడా చేశారు. రక్తపోటుకు ఆవిడ వాడే మాత్రల్లో నీరు తీసేది ఒకటి ఉంది. బాత్రూముకి పోవలసి వస్తుందని దాన్ని రెండు రోజులు మానేశారు. ఎవరికీ చెప్పలేదు. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో బయలుదేరే ముందు డాక్టరు చెప్పాలి గాని, విమానంలో మీరు తీర్మానించకూడదు.

అదే విమానంలో రెండు వరసల వెనక ఇంకో కథ నడిచింది. ఆవిడ భర్త శాకాహారి, షుగరు ఉంది, గ్లిమిపిరైడ్ మాత్ర వాడతారు. టిక్కెట్టు తీసేటప్పుడు భోజనం గడిలో 'హిందూ మీల్' అని కనిపిస్తే, మనం హిందువులమే కదా అని అది పెట్టించారు. మాత్ర వేసుకుని మూత తీసి చూస్తే కోడికూర! విమానాల లెక్కలో హిందూ భోజనం అంటే గొడ్డు మాంసం లేని మాంసాహారం. శాకాహారం కావాలంటే 'ఏషియన్ వెజిటేరియన్' లేదా 'ఇండియన్ వెజిటేరియన్' అని, ఏవీఎంఎల్ అనే గుర్తుతో, కనీసం ఒకరోజు ముందుగా చెప్పాలి. ఆయన మూత పెట్టేశారు. ఇంకో భోజనం అడగడానికి మొహమాటం. గంటన్నరకు చెమటలు, వణుకు, మాట తడబాటు. షుగరు చూసే మీటరు సామాన్లలో పోయిన పెద్ద పెట్టెలో ఉంది. పక్కనున్న స్నేహితుడు తెలివైనవాడు. మీటరు కోసం చూడకుండా తన సంచీలోంచి బందరు లడ్డు తీసి నోట్లో పెట్టాడు. పదిహేను నిమిషాల్లో మనిషి తేరుకున్నాడు. బందరు లడ్డును నేను షుగరువాళ్ళకు ఎన్నడూ రాయలేదు, ఆ రోజు మాత్రం అదే మందు.

అంచేత మందులు, మీటరు, ఇన్సులిను, కాస్త తీపి - ఇవన్నీ చేతి సంచీలోనే ఉండాలి. ఇన్సులినును కింద సామాన్ల అరలో వేస్తే చలికి గడ్డకట్టి పనికిరాకుండా పోవచ్చు. ఇన్సులిను వాడేవాళ్ళు టిక్కెట్టు కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వేసవిలో డల్లాసు మనకన్నా పదిన్నర గంటలు వెనక. పడమటికి వెడితే రోజు సాగుతుంది, తిరిగి వచ్చేటప్పుడు కుంచించుకుపోతుంది. సూదికీ సూదికీ ఎడం మారుతుంది. ఏ పూట ఎంత అన్నది కాగితం మీద రాయించుకుని, దిగేదాకా గడియారం మన టైములోనే ఉంచుకోండి. ముందు భోజనం చేతికి వచ్చాకే మాత్రగాని సూదిగాని.

మందులు పట్టీలతో, డాక్టరు చీటీతో ఉండాలి. చీటీలో మందు అసలు పేరు ఉండాలి, మన కంపెనీ పేర్లు అక్కడివాళ్ళకు తెలియవు. మన పారాసెటమాల్‌ని అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. దుబాయి మీదుగా వెళ్ళేవాళ్ళు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలకూ, కోడీన్ ఉన్న దగ్గు మందులకూ అక్కడ కట్టడి ఉంది. వంటింటి సంగతి కూడా చెప్పాలి. గసగసాలు ఎమిరేట్సులో నిషిద్ధం. కోడలికి మసాలా పొడి కొట్టి తీసుకెళ్ళే అత్తగార్లు ఆ పొట్లం ఇంట్లోనే దించండి.

విమానంలో గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉన్నట్టు ఉంటుంది. అంటే మిమ్మల్ని ఊటీలో కూర్చోబెట్టినట్టు. ఆరోగ్యవంతులకు తెలియదు. ఇటీవల గుండెపోటు వచ్చినవాళ్ళు, ఊపిరితిత్తుల జబ్బువాళ్ళు, రక్తం బాగా తక్కువున్నవాళ్ళు ముందుగా డాక్టరుకు చూపించుకోవాలి. కంటి రెటీనా ఆపరేషనులో గ్యాసు బుడగ పెట్టించుకున్నవాళ్ళు అది కరిగిందని కంటి డాక్టరు చెప్పేదాకా విమానం ఎక్కనే కూడదు. కడుపులో గాలి కూడా ఉబ్బుతుంది. బయలుదేరే ముందు గుగ్గిళ్ళు, పులిహోర దట్టించి ఎక్కితే మీకూ పక్కవాళ్ళకూ ఇబ్బంది.

డల్లాసు చేరిన అయిదో రోజున ఆవిడకు ఎడమ పిక్క పట్టేసింది. గృహప్రవేశం ముందురోజు. చెబితే పిల్లలు కంగారుపడతారు, అక్కడ ఆస్పత్రికి వెడితే వేలకువేల డాలర్లంటారు, వియ్యపురాలి ముందు జబ్బుమనిషినని తేలిపోతుంది. వాతం అనుకున్నారు. స్నేహితురాలు రాత్రిపూట ఆముదం రాసి పిక్క పిసికేది. పాపం, మంచి మనసుతోనే! కానీ ఒకే కాలు వాచి నొప్పెడుతుంటే దాన్ని ఎన్నడూ పిసకకూడదు. గడ్డ కదలి పైకి పోవచ్చు. ప్రయాణం తరవాత రెండు పాదాలూ సమానంగా వాచి ఒకటి రెండు రోజుల్లో తగ్గితే భయం లేదు. ఒక్క కాలే వాస్తే, పిక్క నొప్పెడితే ఆ రోజే చూపించుకోవాలి. ఆయాసమో, ఛాతీలో పోటో, దగ్గులో నెత్తురో కనిపిస్తే ఆ గంటలోనే. ఈ ప్రమాదం మొదటి రెండు వారాల్లో ఎక్కువ. పూర్తిగా పోవడానికి ఎనిమిది వారాల దాకా పట్టవచ్చు. కాబట్టి తిరిగి వచ్చాక మన డాక్టరుకు "నేను విమానం దిగాను" అని చెప్పడం మరిచిపోకండి.

బీమా ఉందా అని అడిగాను. ఉంది. తీసుకునేటప్పుడు రక్తపోటు సంగతి రాయలేదట! చాలా పాలసీలు ముందే ఉన్న జబ్బులకు వర్తించవు, లేదా కొంతవరకే వర్తిస్తాయి. దాచిపెడితే అసలుకే మోసం. కొడుక్కి తల్లి జబ్బు తెలియదు, బీమా కంపెనీకి తెలియదు. ఆ కాలితోనే ఆవిడ మూడు వారాల తరవాత మళ్ళీ 16 గంటలు కిటికీ పక్కనే కూర్చుని వచ్చారు. ఎలా బతికి వచ్చారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ముందు ఇంజెక్షన్లు, ఆ తరవాత నెత్తురు పలచబరిచే మాత్రలు ఆరు నెలలు వాడారు. కాలు దారికి వచ్చింది.

మరుసటి ఏడాది జనవరిలో ఆవిడ తోటికోడలి కుటుంబం, ఇంకో రెండు కుటుంబాలు కలిసి న్యూజెర్సీ బయలుదేరుతుంటే, నన్ను ఊరికి పిలిపించారు. వరి కోసిన చేలలో మినుము పచ్చగా ఉంది. అరుగు మీద పదిమందీ కూర్చున్నారు. నేను చెప్పినవి కొన్ని, మా పేషెంటుగారు చెప్పినవి ఎక్కువ.

ముందుగా సీట్లు తిరగరాయించాం. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, షుగరువాళ్ళు, నీరు తీసే మాత్రలు వాడేవాళ్ళు దారి పక్కన. కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళకు గడ్డకట్టే అవకాశం ఎక్కువని పరిశీలనల్లో కనిపించింది, కారణం లేవకపోవడమే. మబ్బులు చూడాలన్నవాళ్ళు లేచి వెళ్ళి చూసి రావచ్చు. వరసలో ఆడవాళ్ళ పక్కన ఆడవాళ్ళు. గంటన్నరకొకసారి ఫోనులో అలారం మోగితే, పనున్నా లేకపోయినా వరసంతా లేవాలి. ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. మధ్యలో ఉన్నవాళ్ళకు సందు దొరకకపోతే కూర్చునే చెయ్యాలి. "కుట్టుమిషను తొక్కినట్టు" అని మా పేషెంటుగారు కుర్చీలో కూర్చుని చూపించారు. మునివేళ్ళు నొక్కి మడమలెత్తడం, మడమలు నొక్కి వేళ్ళెత్తడం. నేను అంత బాగా చెప్పలేకపోయేవాణ్ణి.

"ముందుజాగ్రత్తకు ఆస్పిరిన్ వేసుకోమంటారా?" అని ఒకాయన అడిగాడు. ప్రయాణం కోసమని వేసుకోవద్దన్నాను. గుండెకు ముందునుంచీ వాడుతున్నవాళ్ళు మానవద్దన్నాను. మోకాలి కిందదాకా బిగువుగా ఉండే మేజోళ్ళు మంచివి. అవి వేసుకున్నవాళ్ళలో నొప్పి తెలియని గడ్డలు బాగా తగ్గాయని తేలింది. అయితే కొలత ప్రకారం కొనాలి. కాలి ధమనులు పూడుకున్నవాళ్ళు, షుగరు వల్ల కాళ్ళ స్పర్శ తగ్గినవాళ్ళు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. నిద్రమాత్రలు వద్దు. మందు సంగతి మగవాళ్ళు కొందరు అడగబోయి ఆగారు. ఉచితంగా పోస్తారు గదా అని తాగితే, కదలకుండా పడి నిద్రపోతారు, అదే ప్రమాదం అని నేనే చెప్పాను. హైదరాబాదు దారిలో కూడా రెండుచోట్ల దిగి పది నిమిషాలు నడవాలి.

ఒక కాగితం మీద పదిమంది జబ్బులూ, మందులూ, పడనివీ రాయించాం. అప్పుడు బయటపడింది చూడండి: తోటికోడలుగారికి మూడేళ్ళ కిందట గుండెకు స్టెంటు వేశారట. న్యూజెర్సీలో ఉన్న కూతురికి తెలియదు. అరుగు మీద నుంచే ఫోను చేయించి చెప్పించాం. అవతల పిల్ల ఏడ్చింది, తిట్టింది, ఆ సాయంత్రమే బీమా మార్పించింది. కార్డియాలజిస్టు పరీక్ష చేసి వెళ్ళవచ్చన్నాకే ఆవిడ విమానమెక్కారు.

మా పేషెంటుగారు కూడా 2025 వేసవిలో మనవడి పుట్టినరోజుకు మళ్ళీ డల్లాసు వెళ్ళారు. ఇదివరకు గడ్డకట్టిన మనిషి గనుక ఈసారి ప్రయాణానికి ముందు వేరే మందు కూడా ఇచ్చి పంపాను. వెళ్ళింది ఆ వియ్యాలవారితోనే. సీటు దారి పక్కన. కిటికీ పక్కన వియ్యంకుడుగారు, మధ్యలో ఆయన భార్య. చేరాక ఫోను చేసి చెప్పారు:

"ఈసారి అన్నయ్యగారే నన్ను లేపారండీ. నాలుగుసార్లు. 'చెల్లెమ్మగారూ, మీరు లేస్తే నేనూ లేస్తాను, నాకు ప్రోస్టేటు' అన్నారు. పోయినసారి నేను నిద్రలో ఉన్నాననుకుని, నన్ను లేపడం ఎందుకని, ఆయన కూడా నిద్ర నటించారట!"